ట్రంకుపెట్టెలో ఉన్న చెవి మిషన్

సెలవు కాగితాల కోసం మా ఆఫీసుకు ఒక పెద్దాయన వస్తుంటారు. నిజామాబాద్ జిల్లా మనిషి. ఇరవై ఏళ్లు గ్రైండర్ మీద పని. ఏం చెప్పినా రెండుసార్లు చెప్పాలి. "కాకా, చెవి మిషన్ కొన్నారు కదా, పెట్టుకోవట్లేదేం?" అని అడిగాం. "పెట్టెల ఉంది బిడ్డా. పెడితే చెవి నొస్తది. నా గొంతు నాకే డబ్బాల మాట్లాడినట్టు మోగుతది" అన్నారు.

తప్పు కాకాది కాదు. చెవి మిషన్ చెవికి హాయిగా కుదరడమే ఒక పెద్ద విద్య. ఆ విద్య చరిత్రలో ఆస్ట్రేలియాకు పెద్ద పాత్ర ఉంది.

1940-41లో ఆ దేశంలో రుబెల్లా అనే దద్దుర్ల జ్వరం బాగా వ్యాపించింది. గర్భిణికి ఇది సోకితే బిడ్డ కళ్లు దెబ్బతింటాయని సిడ్నీ కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ 1941లో కనిపెట్టారు. అలా పుట్టిన పిల్లల్లో చాలామందికి చెవుడు కూడా ఉందని తర్వాత తేలింది. మరోవైపు తుపాకుల మోతకు వినికిడి పోయి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఉన్నారు. వీళ్లందరి కోసం 1947లో ప్రభుత్వం సిడ్నీలో కామన్వెల్త్ అకౌస్టిక్ లేబొరేటరీస్ అనే సంస్థ పెట్టింది. ఆ సంస్థ ఇచ్చిన యంత్రం పేరు కాలెయిడ్.

అప్పటి యంత్రం ఒంటికి కట్టుకునేది. డబ్బా ఛాతీ మీద, అక్కడి నుంచి చెవికి వైరు. చొక్కా రాసుకుంటే ఆ గరగర కూడా చెవిలో పెద్దగా వినపడేది. ట్రాన్సిస్టర్లు వచ్చాక డబ్బా చిన్నదై చెవి వెనక్కి చేరింది. బరువు తగ్గింది కానీ బాధ పూర్తిగా తీరలేదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం. శంఖం ఇంకా గట్టిగా ఊదితే వినపడుతుందా? చెవి నొస్తుంది, అంతే. ఎంత పెంచితే మాట తెలుస్తుంది, ఎంత దాటితే చెవి ఓర్చుకోలేదు అన్నదే అసలు లెక్క. ఆ సంస్థే తర్వాత నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ అయింది. అక్కడి డెనిస్ బైర్న్, టోనిసన్ 1976లో ఈ లెక్కకు ఒక సూత్రం ఇచ్చారు. 1986లో బైర్న్, హార్వే డిల్లన్ కలిసి దాన్ని సవరించారు. సారాంశం ఇది: 60 డెసిబెళ్ల లోపం ఉంటే 60 పెంచకూడదు, సగానికి లోపే చాలు. అదీ అన్ని శబ్దాలకూ ఒకేలా కాదు, సన్నవాటికి ఒక లెక్క, బరువైనవాటికి ఇంకొకటి. 2011లో వచ్చిన దీని తర్వాతి రూపం ఒకటి ఆస్ట్రేలియాలోనే కాక చాలా దేశాల్లో వాడుకలో ఉంది.

ఇక కాకా చెప్పిన డబ్బా మోత. మన గొంతు దవడ ఎముక గుండా కూడా చెవిలోకి వెళ్తుంది. చెవి రంధ్రాన్ని బిరడాలా మూసేస్తే అది బయటికి పోలేక లోపలే మోగుతుంది. అందుకే చెవిలో పెట్టే అచ్చుకు సన్నటి గాలి రంధ్రం పెడతారు. రంధ్రం మరీ పెద్దదైతే యంత్రం కీచుమంటుంది. ఆ కీచును ఆపే డిజిటల్ యంత్రాలు వచ్చాకే, 2000 తర్వాత, చెవిని మూయని సన్నటి గొట్టం రకాలు బాగా వాడుకలోకి వచ్చాయి.

ఈ చరిత్రలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. యంత్రం కుదరకపోతే "నా చెవే ఇంత" అనుకుని ఊరుకోకూడదు. అమర్చినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లాలి. అచ్చు గుచ్చుకుంటే అరగదీస్తారు. గొంతు మోగితే రంధ్రం పెద్దది చేస్తారు. మోత ఎక్కువైతే తగ్గిస్తారు. మొదట్లో రోజుకు కొన్ని గంటలే పెట్టుకుని మెల్లగా అలవాటు చేసుకోవాలి.

ఇంకా బాగా వినపడే సోదరులకూ ఒక మాట. ఆస్ట్రేలియాలో పనిచోట మోతకు పెట్టిన హద్దు 8 గంటలకు సగటున 85 డెసిబెళ్లు. గ్రైండర్ మోత సాధారణంగా అది దాటుతుంది. ఇయర్ ప్లగ్గులు అడిగి తీసుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

వచ్చే సెలవు రోజున కాకాతో మేమూ వెళ్తున్నాం. మిషన్ ట్రంకుపెట్టెలోంచి తీసి ఉంచమని చెప్పాం. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.