ఎండవేళ విత్తనము - మన పూర్వుల నేర్పు

విత్తనము చల్లుట సులభము; మండు నేలలో దానిని మొలిపించుట నేర్పుతో గూడిన పని. తమిళనాట కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడి భూములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్రలో ఈ నేర్పునకు ముఖ్యస్థానము కలదు.

విజయనగర ప్రభువుల కాలమునను, పిమ్మట మధుర నాయకుల పాలనమునను మనవారనేకులు దక్షిణమునకు తరలి వచ్చిరి. వారిలో సేద్యగాండ్రు పలువురు ఈ నల్లనేలల నాశ్రయించిరి. ఇచ్చట ప్రత్తి, జొన్న, సజ్జ వంటి మెట్టపైరులే జీవనాధారము. ముఖ్యమైన వాన ఈశాన్య ఋతుపవనము వలన అక్టోబరు మొదలుకొని కురియును. వాన ముదిరిన పిదప రేగడి జిగురై గొర్రు సాగదు. కావున నేల వేడి తగ్గకమునుపే, పొడి దుక్కిలో విత్తుట మేలని రైతులు గ్రహించిరి.

ఇందొక చిక్కు కలదు. చిరుజల్లుకు గింజ నాని మొలకెత్తి, వెంటనే ఎండ కాసినచో ఆ మొలక మాడిపోవును. ఇంచుమించు 5 సెంటీమీటర్ల లోతున పడిన గింజకు మాత్రము చాలినంత వాన కురిసినగాని తడి అందదు. పై మట్టియే దానికి గొడుగు.

విత్తనమును సిద్ధపరచు విధమును ప్రాచీనమైనదే. కౌటిల్యుని అర్థశాస్త్రపు ప్రతి మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరగా, అచ్చటి పండితులు ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లో ప్రకటించిరి. ధాన్యపు గింజలను ఏడు రాత్రులు మంచునకు, పగళ్లు ఎండకు ఉంచవలెననియు, ప్రత్తిగింజ వంటి గట్టి విత్తనములకు పేడ పూయవలెననియు అందు కలదు. పేడ పూసి ఆరబెట్టిన ప్రత్తిగింజలకు నూగు అణగును. అవి ఒండొంటికి అంటుకొనక జడ్డిగములో నుండి విడివిడిగా జారును.

నేడు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము సైతము మెట్టపైరుల విత్తనమును నానబెట్టి, మరల ఆరబెట్టి, వానకు ముందే విత్తుమని చెప్పుచున్నది. నానిన గింజలో మొలకకు వలయు మార్పులు ఆరంభమగును. మొలక వెలికి రాకమునుపే ఆరబెట్టినచో అవి కొంతవరకు నిలిచియుండి, తిరిగి తడి తగిలినంతనే గింజ త్వరగా మొలచును.

పెండ్లిండ్లలో మన ముత్తైదువలు పోయు పాలికలును ఈ పాఠమునే చెప్పును. నానిన నవధాన్యములు, మెత్తని పుట్టమన్ను, ఇంటి నీడ, మితముగా నీరు: ఇంతకన్న వైశాఖపు ఎండలో గింజ కోరునదేమి?

మేము కచేరీ కాగితములతో కాలము గడిపినవారము. మన పిల్లలలో పలువురు మడక పట్టరు. గొర్రు, జడ్డిగము, పాలిక అను మాటలు ఇంటి పెద్దలతోనే అంతరింపరాదు. పెరటిలోనో, మిద్దెమీది కుండలోనో పిల్లలచేత నాలుగు గింజలు రాత్రి నానవేయించి, ఉదయము విత్తించి, మొలచువరకు తడిగోనె కప్పించి, మొలచినంతనే తీయించవలెను. ఆ పని చేయించునప్పుడే ఈ మాటలును వారికి అందింపవలెనని మా మనవి.