ఒంటికి పట్టని తిండి

"విరేచనాలు తగ్గి నెల్లాళ్లయింది. అడిగినంతా పెడుతున్నాను. అయినా పిల్లాడికి ఒంటికి పట్టదేం?" అని ఏడవని తల్లి ఉంటుందా చెప్పండి! దిష్టి అంటారొకరు, నీకు పెట్టడం చేతకాదంటారు మరొకరు. మా పెద్దాడప్పుడు అత్తగారి చేత ఆ మాట నేనూ పడ్డాను.

ఆ తల్లుల పక్షాన సాక్ష్యం ఆఫ్రికాలోని గాంబియా దేశంలో, కెనెబా అనే పల్లెలో దొరికింది. అక్కడి పసివాళ్లకు పరిశోధకులు రెండు చక్కెరలు కలిపిన నీళ్లు పట్టారు. మానిటాల్ చిన్నది, పేగు గోడలోంచి తేలిగ్గా లోపలికి పోతుంది. లాక్టులోజ్ పెద్దది, గోడ బాగుంటే దాదాపు దాటలేదు. ఐదు గంటలు మూత్రం పట్టి, ఏది ఎంత వచ్చిందో కొలిచారు. పెద్దదాని పాలు పెరిగిందంటే గోడ జల్లెడైందన్నమాటే!

1991లో లాన్సెట్ పత్రికలో ఫలితం అచ్చయింది. విరేచనాలు లేని రోజుల్లోనూ పేగుల్లో దెబ్బ మానలేదు. పిల్లల ఎదుగుదల కుంటుపడటంలో 43 శాతం దాకా ఆ దెబ్బ వల్లేనని లెక్క తేలింది.

పెట్టిన చెయ్యి సరిగ్గానే పెట్టిందన్నమాట. ఈ సంగతి మా అత్తగారికి చెబుదామంటే, ఆవిడ ఇప్పుడు లేరు.