పావురాల గుట్టకు వెళ్ళాలనుకునే వారికి

స్కాట్లాండ్‌లో పాత విమానాలు కూలిన కొండలెక్కి చూసి వచ్చేవారు చాలామంది. బైన్ ఏ కొండ మీద 1951లో కూలిన లాంకాస్టర్ శకలాలు నేటికీ ఉన్నాయి. కువైట్‌లో కొండంటే ముత్లా గట్టే అనుకోండి! కానీ ఇక్కడి మన కడప, కర్నూలు వాళ్ళకు నల్లమలలో అలాంటి చోటు ఒకటుంది.

2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ పావురాల గుట్ట మీద కూలింది. జాడ మర్నాడు గానీ దొరకలేదు. ఆ రాత్రి ఇక్కడ మా గదిలో ఎవరమూ నిద్రపోలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ హెచ్చరిక వస్తే ఏం చేయాలో పుస్తకంలో వెతకడానికే పైలట్లకు ఆరు నిమిషాలు దాటిందని, ఆపై ఉరుముల మేఘం కింది గాలి హెలికాప్టర్‌ను కిందికి తోసేసిందని విచారణ కమిటీ తేల్చింది.

వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారితో పాటు కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, పైలట్లు భాటియా, ఎం.ఎస్. రెడ్డి గార్లు కూడా పోయారు. ఈ నలుగురి పేర్లు మనలో ఎందరికి గుర్తున్నాయి?

గుట్ట ఉన్నది పులుల అభయారణ్యంలో. అటవీశాఖ అనుమతి లేనిదే లోపలికి వెళ్ళకండి. సెలవుల్లో పిల్లలతో వెళ్ళేవారు నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర నల్లకాలువలోని స్మృతివనం చూసి రావచ్చు.