కొత్త బంతా, చివరి ఓవరా?

వికారాబాద్‌లోనో తాండూరులోనో టెన్నిస్‌ బాల్‌ టోర్నమెంట్‌ జరుగుతుంటే, అందరికంటే జోరుగా బంతి వేసే కుర్రాడికి కెప్టెన్‌ చెప్పే మాట ఒకటే: "చివరి ఓవర్‌ నువ్వే వెయ్యాలిరా." కుర్రాడికి అదో గౌరవం. కానీ అతని చేతికి కొత్త బంతి ఇవ్వాలా, చివరి ఓవర్‌కే దాచుకోవాలా? అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు అక్కడి బేస్‌బాల్‌లో కూడా ఇదే తర్జనభర్జన ఎదురవుతుంది. కాకపోతే అక్కడ ఈ నిర్ణయం మీద ఒక కుర్రాడి బతుకంతా ఆధారపడి ఉంటుంది.

మ్యాచ్‌కి 9 ఇన్నింగ్స్‌. ముగ్గురు ఔటైతే జట్లు చోట్లు మార్చుకుంటాయి. బంతి వేసేవాడు పిచర్‌. ఆట మొదలుపెట్టే పిచర్‌ స్టార్టర్‌. ఐదారు ఇన్నింగ్స్‌ వేసి నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు. కొద్దిపాటి ఆధిక్యం ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్‌కి దిగేవాడు క్లోజర్‌. పూర్వం ఈ విభజన లేదు. 1911లో ఆట మానేసిన సై యంగ్‌ ఏకంగా 749 మ్యాచ్‌లు తనే మొదలుపెట్టి తనే ముగించాడు. తర్వాత చికాగో పాత్రికేయుడు జెరోమ్‌ హోల్ట్‌స్‌మన్‌, ఆధిక్యం కాపాడి ఆట ముగించిన పిచర్‌ ఖాతాలో వేసే 'సేవ్‌' అనే లెక్క కనిపెట్టాడు, 1969లో దానికి అధికారిక గుర్తింపు వచ్చింది. లెక్క పుట్టాక క్లోజర్‌కి పేరొచ్చింది, డబ్బొచ్చింది.

2007 ఆగస్టులో న్యూయార్క్‌ యాంకీస్‌ 21 ఏళ్ల జోబా చాంబర్లేన్‌ని ఆట చివర్లో దించింది. ఆ సీజన్‌లో 24 ఇన్నింగ్స్‌ వేస్తే అతని తప్పుగా లెక్కకొచ్చిన పరుగు ఒక్కటే. అలిసిపోతాడని జట్టు ప్రత్యేకంగా నిబంధనలే పెట్టుకుంది: వరుసగా రెండు రోజులు వేయించకూడదు. అక్టోబరు 5న క్లీవ్‌లాండ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌. పక్కనున్న సరస్సు మీంచి చిన్న పురుగులు గుంపులుగా వచ్చి అతని మెడకీ ముఖానికీ అంటుకున్నాయి. సిబ్బంది పరుగెత్తుకొచ్చి మందు కొట్టారు, అయినా పోలేదు. ఒక్క హిట్‌ కూడా ఇవ్వకుండానే, గతి తప్పిన రెండు బంతుల వల్ల ఆధిక్యం పోయింది. స్కోరు సమమై ఆట 11 ఇన్నింగ్స్‌ దాకా సాగి, చివరికి యాంకీస్‌ ఓడింది.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. 2008లో స్టార్టర్‌ని చేశారు, భుజం నొప్పి పెట్టింది. 2009 సీజన్‌లో స్టార్టర్‌గా ఆడించి, 2010లో మళ్లీ చివరి ఇన్నింగ్స్‌లకి పంపారు. 2011లో మోచేతికి ఆపరేషన్‌. ఏ ఒక్క పనిలోనూ కుదురుకోనివ్వలేదు పాపం.

బోస్టన్‌లో డేనియల్‌ బార్డ్‌ది మరీ బాధాకరం. చివరి ఇన్నింగ్స్‌ల్లో బాగా రాణించాక 2012లో స్టార్టర్‌ని చేస్తే బంతి మీద అదుపే పోయింది. 2013 తర్వాత మళ్లీ పెద్ద లీగ్‌లో కనబడింది 2020లోనే.

ఎదురు దారిలో వెళ్లినవాళ్లు బాగుపడ్డారు. డెన్నిస్‌ ఎకర్స్‌లీ 1978లో స్టార్టర్‌గా 20 మ్యాచ్‌లు గెలిచాడు, 1992లో క్లోజర్‌గా 51 సేవ్‌లు చేశాడు. జాన్‌ స్మోల్ట్స్‌ అయితే మోచేతి ఆపరేషన్‌ తర్వాత క్లోజర్‌గా మారి 2002లో 55 సేవ్‌లు చేసి, 2005లో మళ్లీ స్టార్టర్‌ అయ్యాడు. 200 విజయాలూ 150 సేవ్‌లూ కలిపి ఉన్న పిచర్‌ అతనొక్కడే. మరియానో రివేరా కూడా 1995లో 10 మ్యాచ్‌లు మొదలుపెట్టి చూసి, కుదరదని తేలాకే క్లోజర్‌ అయినవాడు.

కారణం పనిలోనే ఉంది. క్లోజర్‌కి రెండు రకాల బంతులు చాలు, ఉన్న బలమంతా పెట్టి వేసేస్తాడు. స్టార్టర్‌ అదే బ్యాటర్‌ని రెండు మూడు సార్లు ఎదుర్కోవాలి కాబట్టి మూడో రకం నేర్చుకోక తప్పదు. చిన్నప్పుడే ముగింపుకి పంపేస్తే ఆ మూడోది నేర్చుకునే అవకాశమెక్కడ? మన క్రికెట్‌లో హైదరాబాద్‌ బౌలర్‌ సిరాజ్‌నే చూడండి. 2016–17 రంజీలో సుదీర్ఘ స్పెల్స్‌ వేసి 41 వికెట్లు తీసినవాడు, 2025 ఆగస్టులో ఓవల్‌ టెస్టు ఐదో రోజు ఉదయం 6 పరుగుల తేడాతో భారత్‌ని గెలిపించాడు.

బేస్‌బాల్‌లో చివర్నుంచి మొదటికి వచ్చి నిలబడ్డవాడూ ఉన్నాడు. చికాగో వైట్‌సాక్స్‌ క్రిస్‌ సేల్‌ని రెండేళ్లు చివర్లో వాడుకుని 2012లో స్టార్టర్‌ని చేసింది. మే నెలలో మోచెయ్యి నొప్పి అనగానే భయపడి మళ్లీ క్లోజర్‌ అంది. 23 ఏళ్ల కుర్రాడు ఒప్పుకోలేదు, గట్టిగా వాదించాడు. ఒకే ఒక్క మ్యాచ్‌లో చివర్లో దిగి మళ్లీ స్టార్టర్‌గా వచ్చి, ఆ ఏడు 17 మ్యాచ్‌లు గెలిచాడు. 2024లో అట్లాంటా తరఫున 18 విజయాలతో, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్‌ అవార్డు అందుకున్నాడు.