శుభలేఖలో లేని పద్దు

దస్తావేజు, కబాలా, ఫారఖతి, తనఖా, వకీలు, వారసుడు. భూముల బేరము నడుచుచున్న అచ్యుతాపురం కూడలిలో టీకొట్టు బల్లపై గడియసేపు కూర్చున్నవాని చెవిని ఈ మాటలలో రెండుమూడైనను పడక తప్పదు. వానిని పలుకువారిలో ఏ ఒక్కరికిని తాము పారసీకుల కచేరీమాటలు ఆడుచున్నామన్న శంక కలుగదు. గోలకొండ సుల్తానులనాటి నుండి శ్రీకాకుళము ఫౌజుదారుల కచేరీల మీదుగా ఈ పలుకుబడి మన సీమకు దిగినది; హైదరాబాదు రాజ్యమున 1884 వరకు కొలువుభాష పారసీకమే. ఆస్తికి చెందిన మాటలను ఇంత ఆదరముతో ఇంటికి తెచ్చుకొన్న మన పెద్దలు, ఆ పారసీకుల దేశమున పెండ్లికూతురి పేర వ్రాసెడి కాగితమును మాత్రము వాకిటనే విడిచివచ్చిరి.

పందొమ్మిదవ శతాబ్దిలో, కజారు వంశీయులు ఏలిన పారసీక దేశమున, కలవారి ఇంటి వివాహపత్రము చూడముచ్చటైన వస్తువు. శిరోభాగమున నీలమును బంగారమును కలిపి దిద్దిన లతలు, వానిక్రింద దైవస్తుతి, అటుపై వధూవరుల పేర్లు, ఆ వెంటనే వరుడు వధువునకు ఈయవలసిన మహర్ పద్దు. అందు తొలుత సాధారణముగా ఖురాను ప్రతి యొకటి. తరువాత ఇన్ని తొమానుల రొక్కము. ఒక్కొక్కచోట అద్దము, దీపపు సెమ్మెలు, రాగి సామాను. కలిమిని బట్టి ఇంటిలోనో తోటలోనో ఇన్ని దాంగుల వాటా. మనవారు ఆస్తిని పదహారణాలుగా లెక్కించినట్లు వారు ఆరు దాంగులుగా లెక్కింతురు. మూడు దాంగులనిన సగము. అంచులయందు ముల్లాల ముద్రలు, సాక్షుల సంతకములు. పద్దులో ఎంత యున్నదను దానికంటె అది ఎవరిదను మాట ముఖ్యము: ధర్మశాస్త్రరీత్యా మహర్ పెండ్లికూతురిది, ఆమె తండ్రిది కాదు. పుచ్చుకొనకుండ నిలిపినది భర్త మరణానంతరము అతని ఆస్తిపై అప్పుగా నిలుచును. వారసులు పంచుకొనుటకు ముందే దానిని తీర్పవలెను.

ఆ దేశపు స్త్రీలు సుఖముగా నుండిరని చెప్పుట నా ఉద్దేశము కాదు. మగనిని విడువగోరిన ఇల్లాలు మహర్‌ను వదలుకొని విడుదల కొనుక్కొనుచుండెను. షీయా ధర్మశాస్త్రము మగని ఇండ్లలో, చెట్లలో విధవకు వెలగట్టి వాటా ఇచ్చినదే గాని, భూమిలో ఇయ్యలేదు. కావుననే భార్యను నమ్మిన గృహస్థుడు బ్రదికియుండగనే సుల్హునామా అను ఒప్పందపత్రముతో ఇంటినో తోటనో ఆమెకు దక్కజేసెడివాడు. వధువు తల్లిదండ్రులకు ముట్టెడి సొమ్ము వేరొకటి కలదు. దాని పేరు షీర్‌బహా, అనగా పాలవెల. మన కన్యాశుల్కమునకు వారి దేశపు తోబుట్టువు ఈ పాలవెలయే గాని మహర్ కాదు.

ఇక మన శుభలేఖ. నాలుగు మూలల పసుపు, నడుమ గోత్రము, ప్రవర, తిథివారనక్షత్రములు, సుముహూర్తము, బంధుమిత్ర సపరివారముగా విచ్చేయుడను వేడికోలు. ఆనాటి విశాఖపట్టణము జిల్లాలో ఈ శుభలేఖ వెనుక చేతులు మారిన రొక్కము కాగితముపై ఎక్కడను కనబడదు. విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజు ఒకసారి జిల్లాయంతటను బ్రాహ్మణ కుటుంబములలోని శుల్కవివాహములకు జాబితా వ్రాయించెను. మూడేండ్లలో 1,034 పెండ్లిండ్లు తేలినవి. చెప్ప నిరాకరించినవారు పోగా తేలిన లెక్క ఇది. అందు అయిదేండ్ల కన్యలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురు పసికూనల వెల తలకు 350 నుండి 400 రూపాయలు. ఈ లెక్కను 1897లో అచ్చయిన తన ‘కన్యాశుల్కము’ నాటకపు పీఠికలో ఎక్కించినవాడు గురజాడ అప్పారావు. ఆయన 1862లో పుట్టినది మన ఎలమంచిలి దగ్గరి రాయవరమున, మేనమామ ఇంట. మహారాజు మదరాసు శాసనసభలో పెట్టించిన బిల్లు చట్టము కాలేదు. ఆ పనిని నాటకము తన భుజములపై వేసికొన్నది. అందలి అగ్నిహోత్రావధానులు తన కూతురు సుబ్బిని పద్దెనిమిది వందలకు బేరము పెట్టిన సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు.

ఇంత సొమ్ము కాగితమెక్కకుండుటకు సిగ్గు ఒక్కటే కారణము కాదు. కూతునకు శుల్కము గ్రహించుట సంతానమును అమ్ముకొనుటయే యని మనువు నిషేధించెను. అట్టి పెండ్లి ఆసురవివాహము. బ్రాహ్మము మొదలైన మేలి వివాహము జరిగిన స్త్రీ సంతులేక మరణించినచో స్త్రీధనము భర్తకు, ఆసురమైనచో పుట్టింటికి. ఇంగ్లీషువారి న్యాయస్థానములు ఋజువు లేనిచోట ప్రతి పెండ్లిని బ్రాహ్మముగానే ఎంచెడివి. కాబట్టి శుల్కము వ్రాసిన మరుక్షణమే కులగౌరవమును, వారసత్వమును కూడ తలక్రిందులగును. రొక్కము మూటలో నుండెను, కాగితము తెల్లగా నుండెను. 1908లో మదరాసు హైకోర్టు ఫుల్ బెంచి, పిల్లనిచ్చుటకు తండ్రికి సొమ్ము చెల్లింతునన్న ఒడంబడిక ప్రజాహితమునకు విరుద్ధము, చెల్లదని తీర్పు చెప్పెను. నోటిమాట బేరమునకు కోర్టు వాకిలియు మూతపడెను. పారసీక కన్యకు ముద్రలు పడిన పత్రముండగా, మన కన్యకు ఆమె పేర జరిగిన బేరములో చిల్లిగవ్వయు లేకపోయెను.

మన ఆడబిడ్డకు దక్కిన ఆస్తి వేరొక త్రోవన వచ్చినది. పుట్టింటివారు పెండ్లినాడు పసుపుకుంకుమ క్రింద ఇచ్చెడి మాన్యమో, పల్లపు చెక్కయో, నాలుగు కొబ్బరిచెట్లో. ఇవి అత్తవారి పెత్తనము చెల్లని స్త్రీధనము. పంటనాడు తమ్ముడు బండి కట్టుకొని వచ్చి గింజలు కొలిచి పోసిన ఇండ్లు ఉండెను, బండి రాకుండుట అలవాటైన ఇండ్లును ఉండెను. చిక్కంతయు ఇందును కాగితమే. తండ్రి పీటలమీద చేతిలో నీరు పోసి అన్న మాటకు ఊరు సాక్షి. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము భూదానమునకు రిజిస్టరైన పత్రమును, ఇద్దరు సాక్షుల సంతకములను అడిగినది. తండ్రి మాట విన్నవారు కాటికి పోయిన పిమ్మట, అన్నదమ్ములు మంచివారైనచోట చెక్క నిలిచినది, కానిచోట పట్టాలో కలిసిపోయినది. ఆడపడుచులు వకీళ్ల గడప ఎక్కుటకు బిడియపడుటయు అట్టి అన్నదమ్ములకు కలిసివచ్చినది.

ఉమ్మడి ఆస్తిలో కూతునకు పుట్టుకతోనే వాటా నిచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. దేశము మొత్తము ఆ దారికి వచ్చుటకు 2005 పట్టినది. అయినను ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికే పెండ్లియైన కూతుండ్రను విడిచిపెట్టినది. పసుపుకుంకుమ చెక్క మీదనే ఆశ పెట్టుకొన్న తరము వారిదే. పరిశ్రమల మండలి వచ్చిన తరువాత అచ్యుతాపురం చుట్టుప్రక్కల భూమి విలువ మారిపోయినది. పాత కాగితములకును అందరి చూపు తగిలినది. మీ ఇంట ట్రంకుపెట్టె అడుగున మామ్మనాటి పసుపుకుంకుమ దస్తావేజు ఉన్నచో, చెదలు పట్టక మునుపే తీసి నకలు ఎత్తించుడు. అది ఎవరి పేర నున్నదో ఆమె మనుమరాండ్రకు చదివి వినిపింపుడు.