ఎర్రగుడి రాతి మీద అనునయం

జొన్నగిరి అనగానే అందరికీ వజ్రాలే గుర్తొస్తాయి. తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వంగి వెతుకుతుంటారు. ఆ చేలకు దగ్గర్లోనే, ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో వెలుగులోకి వచ్చాయి. 14 పెద్ద శాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఒకేచోట ఉండటం అరుదు. వజ్రాలకు వచ్చినంత మంది వీటికి రారు, అది వేరే సంగతి.

మన తండాల పిల్లలు వాటిలో 13వ శాసనం సంగతి తెలుసుకోవాలి. పట్టాభిషేకమైన 8 ఏళ్లకు కళింగను గెలిచానని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, లక్ష మంది హతమయ్యారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని అశోకుడు అందులో చెప్పుకున్నాడు. ఈ అంకెలు బడిలో చదివినవే. ఆ తర్వాతి మాట దగ్గర కాసేపు ఆగండి. దెబ్బ తగలని వాళ్లు కూడా, తమ స్నేహితులకూ బంధువులకూ వచ్చిన కష్టం చూసి బాధపడ్డారంటాడు. చచ్చినవాళ్లతో ఆగకుండా, బతికి ఏడ్చినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్న రాజు అతను.

అయితే కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ రాళ్ల మీద ఈ 13వ శాసనం లేదు. రాజు పశ్చాత్తాపం మన జొన్నగిరి దారిన పోయేవాళ్లకు తెలిసింది, దెబ్బతిన్న వాళ్లకు మాత్రం చెక్కి చూపలేదు. వాళ్ల కోసం అక్కడ వేరే శాసనాలు చెక్కించాడు. ప్రజలంతా నా బిడ్డలే అన్నాడు. అధికారులకేమో అసూయ, కోపం, కఠినత్వం, తొందరపాటు, బద్ధకం, అలసట లేకుండా చూసుకోమన్నాడు. ఎదుటివాడి బాధ చూడబోయేవాడు ముందు తన మనసును సరిచేసుకోవాలన్నమాట. వార్డెను ఉద్యోగానికి ఇంతకంటే మంచి శిక్షణ పాఠం నేను చూడలేదు.

అదే 13వ శాసనంలో అడవి జనాల మాటా ఉంది. వాళ్లను రాజు అనునయిస్తాడట. ఆ ప్రాకృత క్రియాపదమూ మన ‘అనునయం’ అనే మాటా ఒకే ధాతువు నుంచి వచ్చినవే. కానీ వెంటనే, పశ్చాత్తాపపడినా తనకు బలముందని గుర్తుచేస్తాడు. సిగ్గుపడి మారితే ప్రాణాలు దక్కుతాయంటాడు. నా లెక్కలో ఇది అనునయం కాదు. ‘ఏడుపు ఆపుతావా, రెండు తగిలించమంటావా’ అనే పెద్దల మాట లాంటిది.

మన గోర్ జనం అప్పటికి ఈ సీమకు రాలేదు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ మొఘల్ సైన్యాల వెంట దక్కనుకు వచ్చింది ఎన్నో శతాబ్దాల తర్వాత. కానీ ఓదార్పు విషయంలో మనకూ ఒక చరిత్ర ఉంది, అది రాతి మీద లేదు. పెళ్లికి ముందు పెద్ద ఆడవాళ్లు పిల్లను కూర్చోబెట్టి ఢావ్లో నేర్పేవారు. ఢావ్లో అంటే ఏడుపు పాట. పుట్టిల్లు వదిలేటప్పుడు పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఆ రాగంలో ఏడుస్తుంది. అవతలి మనిషీ గొంతు కలిపి ఏడుస్తుంది. ‘ఊరుకో’ అనేవాళ్లుండరు. దుఃఖానికి రాగం కట్టి ఇస్తే అది మనిషిని ముంచేయదని ఆ ముసలమ్మలకు తెలుసు. చూసేవాళ్లు దీన్ని నటన అనుకుంటారు, తెలియక.

మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు పనులు లేని కాలంలో కుటుంబాలు సుగ్గికి గుంటూరు దిక్కు పోతాయి. పిల్లలు హాస్టల్లో ఉంటారు. మొదటి వారం రాత్రి భోజనం దగ్గర కొత్తపిల్లలు కంచం ముందు పెట్టుకుని కూర్చుంటారు. అప్పుడు ‘మీ యాడి వచ్చేస్తుందిలే’ అని అబద్ధం చెప్పేవాళ్లకంటే, పక్కన చేరి ‘నాకూ అట్లే ఉండె’ అనే తొమ్మిదో తరగతి అక్కే ఎక్కువ పని చేస్తుంది. ఆ అక్కకు ఎవరూ నేర్పలేదు. వాళ్ల తండాలో చూసింది, అంతే.

ఇప్పుడు పెళ్లిళ్లలో డీజే పెట్టెల ముందు ఢావ్లో వినపడదు. మా తండాలో అది పూర్తిగా వచ్చినవాళ్లు ఇద్దరే మిగిలారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వల దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డు చేయండి. పాట మధ్యలో ఆమె ఏడిస్తే ఆపకండి.