వరోరాలో ఎవరూ కొనని కూరగాయలు

కాజీపేట, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి బల్లార్షా మీదుగా నాగపూర్ వెళ్ళే రైల్లో కూర్చున్న తెలుగువాళ్ళకి చంద్రపూర్ అంటే బొగ్గు. మన పెద్దవాళ్ళు చాందా అని పిలిచిన ఊరు ఇదే. చుట్టూ గనులు, ఆకాశంలోకి పొగ వదిలే థర్మల్ విద్యుత్ కేంద్రం, పక్కనే బల్లార్పూర్ కాగితం మిల్లు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగట్టినప్పుడు చంద్రపూర్‌కి నూటికి 83.88 పడింది. చదువులో అయితే మంచి మార్కే గానీ, అక్కడ ఎక్కువ వస్తే ఎక్కువ విషం అని అర్థం.

ఆ జిల్లాలోనే, ఆ రైలుదారిలోనే వరోరా స్టేషన్ వస్తుంది. ఊరికి ఆనుకుని ఆనందవన్ ఉంది. అక్కడ మగ్గాల మీద దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తారు, గ్రీటింగ్ కార్డులు చేస్తారు, రేకుతో, ఇనుముతో ఇంటి సామాను తయారుచేస్తారు. పారేసిన లారీ టైర్లతో వాననీటికి అడ్డుకట్టలు కట్టారు, పేడతో గ్యాస్ తీసి వంట చేస్తున్నారు. ఈ పనులు మొదలుపెట్టినవాళ్ళు కుష్ఠు వచ్చి ఊళ్ళ నుంచి గెంటేయబడ్డవాళ్ళు. ఒక్క తరంలో ఇదంతా ఎలా వచ్చిందన్నది తెలుసుకోవలసిన కథ.

మురళీధర్ దేవీదాస్ ఆమ్టే 1914 డిసెంబరు 26న వార్ధా జిల్లా హింగన్‌ఘాట్‌లో పుట్టాడు. భూస్వాముల బిడ్డ. వకీలుగా వరోరాలో ప్రాక్టీసు పెట్టాడు. 1946లో సాధనాతాయిని పెళ్ళి చేసుకున్నాడు. వరోరా మున్సిపాలిటీకి ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు పాకీపనివాళ్ళు తమ కష్టం ఆయన దగ్గర చెప్పుకున్నారు. ఆ పని మీరు చేసి చూడండి, అప్పుడు తెలుస్తుందన్నారు. ఆయన నిజంగానే తొమ్మిది నెలలు మలం తట్ట నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక వానరాత్రి మురుగుకాలువ పక్కన ఏదో గుడ్డలమూటలా కనిపించింది. దగ్గరికి వెళితే మనిషి. వేళ్ళు లేవు, ఒంటినిండా పురుగులు. పేరు తులసీరామ్. ఆమ్టే భయపడి ఇంటికి పరిగెత్తాడు. దేనికీ వెరవనివాడని గాంధీజీ చేత ‘అభయసాధక్’ అనిపించుకున్న మనిషి అతడు! ఆ భయాన్ని మోస్తూ బతకలేక మళ్ళీ వెనక్కి వచ్చాడు. తులసీరామ్ మీద వాన పడకుండా అడ్డు కట్టాడు, చేత్తో తినిపించాడు, ప్రాణం పోయేదాకా దగ్గరే ఉన్నాడు.

తర్వాత కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకి వెళ్ళి కుష్ఠు వైద్యం నేర్చుకున్నాడు. అక్కడ పరిశోధన కోసం ఆ క్రిములను తన ఒంట్లోకి ఎక్కించమన్నాడు. ఎక్కించినా అవి ఆయన దేహంలో పెరగలేదు. మనుషుల్లో చాలా ఎక్కువ మందికి ఈ రోగాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుందని ఇప్పుడు వైద్యులు నిశ్చయంగా చెబుతున్నారు. చవకైన డాప్సోన్ మాత్ర అప్పుడే వాడుకలోకి వస్తోంది. రోగం నయమవుతుంది. నయమైన మనిషి ఎక్కడికి వెళ్ళాలి, ఏం తిని బతకాలి అన్నదానికి మాత్రం ఏ ఆసుపత్రి దగ్గరా మందు లేదు. మన నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అంతకు ముప్ఫయ్యేళ్ళకు పైగా ముందే పెద్ద చికిత్సాలయం నిలబెట్టింది, ఎందరినో బాగుచేసింది. ఆమ్టే చికిత్స తర్వాతి రోజు గురించి ఆలోచించాడు. ఆనందవన్‌లో తయారైన ప్రతి వస్తువుకీ మూలం ఆ ఆలోచనే.

1949లో మహారోగి సేవా సమితి పుట్టింది. ప్రభుత్వం వరోరా బయట యాభై ఎకరాలు ఇచ్చింది. రాళ్ళు, ముళ్ళపొదలు, పాములు, తేళ్ళు తప్ప ఏమీ లేని నేల. ఆరుగురు రోగులు, పద్నాలుగు రూపాయలు, ఒక కుంటి ఆవు, భార్య, ఇద్దరు పసిపిల్లలు వికాస్, ప్రకాశ్. ఇంతే మూలధనం. మొదటి పని బావి తవ్వడం. మొండి వేళ్ళతో, స్పర్శ తెలియని అరచేతులతో రాయి పగలగొట్టారు. కుష్ఠులో నరాలు చచ్చుబడతాయి. పలుగు పట్టిన చెయ్యి బొబ్బలెక్కినా తెలియదు, ఆ బొబ్బే పుండై వేలు పోయేదాకా వస్తుంది. అందుకని పనిచేస్తూనే కళ్ళతో చేతుల్ని కనిపెట్టుకుని ఉండాలి. నొప్పి చెప్పాల్సిన హెచ్చరికను చూపు చెప్పాలి. అలాంటి చేతులతో నీళ్ళు పడేదాకా తవ్వారంటే చదివేవాళ్ళు ఒక నిమిషం ఆగి ఊహించుకోవాలి. 1951 జూన్‌లో వినోబా భావే వచ్చి ఆనందవన్‌ను ప్రారంభించారు.

నీళ్ళు వచ్చాక పంట వచ్చింది. తమ తిండికి పోను కూరగాయలు, పాలు మిగిలాయి. మిగిలినవి వరోరా బజారుకి తీసుకెళ్తే ఒక్కరూ ముట్టుకోలేదు. అసలు కష్టం ఇక్కడ మొదలైంది. కుష్ఠు కూరగాయల వల్లా, పాల వల్లా అంటదు. చికిత్స తీసుకోని రోగి ముక్కూ నోటి తుంపరలతో, అదీ చాలాకాలం దగ్గరగా మెలిగితేనే అంటుతుంది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికి చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. బండలోంచి నీరు తెచ్చినవాళ్ళకి పక్కింటివాడి మనసులోంచి భయం తియ్యడం అంతకంటే కష్టమైంది.

ఆ తలుపు తెరిచినవాళ్ళు దూరదేశాలవాళ్ళు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ సేవాసంస్థ కార్యకర్తలు 1950ల మధ్యలో వచ్చి ఆసుపత్రి కట్టడానికి రోగులతో కలిసి మట్టి మోశారు. వాళ్ళ మధ్యే ఉన్నారు, ఆ తోటలో పండిన కూరలే తిన్నారు. వరోరా జనం చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఉపన్యాసాలు చెయ్యలేనిది ఒక పూట భోజనం చేసింది. నెమ్మదిగా బుట్టలు బజారులో అమ్ముడుపోసాగాయి. దేశంలో స్థానికంగా తయారైన సరుకు గురించి ఎన్ని ప్రచారాలు చూసినా, నాకు ఇంతకంటే నిజాయితీ గల ప్రకటన గుర్తుకు రాదు.

దానం మనిషిని కుంగదీస్తుంది, పని నిలబెడుతుంది అన్నది ఆమ్టే పట్టిన మాట. అప్పటికి ఆయన అందరికీ బాబా. చందాలు అడగడం కంటే సరుకు చెయ్యడం మీద ఆయన దృష్టి ఎక్కువ. పొలం తర్వాత మగ్గాలు, కార్ఖానాలు, ముద్రణాలయం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1964లో ఆనందవన్ ఆవరణలోనే ఆనంద్ నికేతన్ కళాశాల మొదలైంది. తమ పిల్లల్ని బడిలో కూర్చోనివ్వని ఊళ్ళ పిల్లల కోసం ఆనందవన్‌వాళ్ళు కాలేజీ పెట్టారు. మరుసటి ఏడే వ్యవసాయ కళాశాల కూడా వచ్చింది. తర్వాత చూపు లేనివాళ్ళు, చెవుడు ఉన్నవాళ్ళు, నడవలేనివాళ్ళు కూడా అక్కడికి చేరారు. వాళ్ళకి పనులు నేర్పడానికి సంధి నికేతన్ వెలసింది. మరాఠీ రచయిత పు.ల. దేశ్‌పాండే లాంటివారు ఆప్తమిత్రులై ఆనందవన్ సంగతి మహారాష్ట్ర అంతా చేరవేశారు.

పర్యావరణం అన్న మాట పత్రికల్లో ఎక్కువగా వినిపించకముందే అక్కడ ఏదీ పారెయ్యని అలవాటు ఉండేది. పేదరికం నేర్పిన పొదుపు అది. పెద్దకొడుకు డాక్టర్ వికాస్ ఆమ్టే దాన్ని ఒక శాస్త్రంగా చేశాడు. ఇటుకల కమాను కప్పులతో, కలపా ఉక్కూ అక్కర్లేని చవక ఇళ్ళు కట్టించాడు. పాత టైర్లు, ప్లాస్టిక్ చెత్త కట్టడాలకి పనికొచ్చేలా ప్రయోగాలు చేశాడు. ఆయన తలపెట్టిందే ‘స్వరానందవన్’ వాద్యబృందం. కుష్ఠు నుంచి కోలుకున్నవాళ్ళు, అంధులు, బధిరులు, అంగవైకల్యం ఉన్నవాళ్ళు ఒకే వేదిక మీద పాడతారు, వాయిస్తారు, నృత్యం చేస్తారు. ఊరూరా టిక్కెట్లు అమ్ముకుని ప్రదర్శనలిస్తారు. ఒకప్పుడు వీళ్ళ చేతి కూరగాయ ముట్టనివాళ్ళు ఇప్పుడు వీళ్ళ పాట కోసం వరసలో నిలబడుతున్నారు.

చిన్నకొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని 1973లో భామ్‌రాగఢ్ అడవిలోని హేమల్‌కసాకి వెళ్ళి మాడియా గోండుల మధ్య ఆసుపత్రి, బడి పెట్టారు. ఆ ప్రాంతం అప్పుడు చంద్రపూర్ జిల్లాలోదే, 1982లో గడ్చిరోలి వేరైంది. బాబా మనకూ సంబంధించిన ఒక పోరాటం చేశాడు. 1980లలో గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం ఆనకట్టలు తలపెట్టినప్పుడు, అడవీ గోండు పల్లెలూ మునుగుతాయని గట్టిగా ఎదిరించాడు. వెన్నెముక జబ్బుతో కూర్చోలేక పడుకునే ప్రయాణాలు చేసిన రోజులవి. 1985లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2008 ఫిబ్రవరి 9న ఆనందవన్‌లోనే కన్నుమూశాడు. కోరినట్టే ఆయన దేహాన్ని దహనం చెయ్యకుండా ఆ నేలలోనే కలిపారు. సాధనాతాయి 2011లో వెళ్ళిపోయింది.

చట్టం మాత్రం ఆ బావి తవ్వినవాళ్ళంత వేగంగా కదల్లేదు. కుష్ఠురోగుల్ని నిర్బంధించడానికి బ్రిటిష్‌వాళ్ళు 1898లో చేసిన చట్టం 2016లో గానీ పోలేదు. కుష్ఠును విడాకులకి కారణంగా చూపే వీలును 2019లో తీసేశారు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్ఠు కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. మన తెలుగు జిల్లాల్లోనూ ఊరి చివర కాలనీలు ఉన్నాయి, అక్కడ పని చేతనైన చేతులున్నాయి.

నాగపూర్ దారిలో వెళ్తే వరోరాలో దిగండి. ఆనందవన్ స్టేషన్‌కి దగ్గరే. దుప్పటి చేత్తో పట్టి, నేత చూసి, బాగుంటేనే కొనండి. మీ ఊరి పక్క కాలనీలో ఎవరైనా ఏదైనా తయారుచేస్తుంటే ముందు అక్కడ కొనండి.